పట్టపగలు దివిటీలు

గత నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక మిత్రుడు సకుటుంబంగా మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఆయన కూడా నాలాగే హ్యూస్టన్‌వాసి, నాలాగే ఇంట్లో సముద్రాన్ని పెంచుకునే పిచ్చి ఉన్నవారు. చెయ్యి కడుక్కుని తిన్నగా మా అక్వేరియం ముందుకు వెళ్ళి నిలబడ్డారు. రెండు నిమిషాలు చూసి, "ఏమండీ, లైట్లు వెయ్యలేదా?" అన్నారు.

"వేసే ఉన్నాయండీ," అన్నాను.

ఆయన పైకి చూశారు. కప్పులో నాలుగు గుండ్రటి కంతలు, వాటిలోంచి దిగుతున్న ఎండ తప్ప మరేమీ కనబడలేదు. "అవునవును, మీరు సూర్యోపాసకులు కదా, మరిచిపోయాను," అని నవ్వి, "ఎన్నైనా చెప్పండి, మా తొట్టెలో ఉన్న మెరుపు మీ దాంట్లో లేదు," అని తేల్చేశారు. ఆయన మాటలో ఎగతాళి లేదు. వైద్యుడు రోగి నాలుక చూసి చెప్పినంత నిర్లిప్తంగా చెప్పారు. ఆ నిర్లిప్తతే నన్ను ఈ టపాకు కూర్చోబెట్టింది.

పగడాల పెంపకంలో అందరూ ప్రశ్నించకుండా ఒప్పుకునే మాట ఒకటుంది. ఇంట్లో పెద్ద పగడపు తొట్టెకు ఎండ పనికిరాదట. ఎండ పసుపుగా ఉంటుందట, పాచి పెంచుతుందట, నీళ్ళు కాగబెడుతుందట, నమ్మదగినది కాదట. అందుచేత ఇంటి కిటికీలకు మందపాటి తెరలు వేసి, ఆ చీకట్లో వందల వాట్ల దీపాలు వెలిగించడమే శాస్త్రీయమట. వెన్న చేతిలో పెట్టుకుని నేతికోసం ఊరంతా తిరిగిన వాణ్ణి చూసి మన పెద్దలు నవ్వేవారు. ఇక్కడ వెన్న పారబోసి నెయ్యి అరువు తెచ్చుకుంటున్నాం. దీన్ని నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో పూర్వపక్షం, సమాధానం అనే మన పాత పద్ధతిలోనే చెబుతాను.

ఈ వ్యవహారంతో పరిచయం లేని చదువరులకోసం ముందు నాలుగు మాటలు. పగడం రాయి కాదు, మొక్క కాదు. అది జంతువు. అయితే దాని కణాలలో సూక్ష్మమైన శైవలాలు కాపురం ఉంటాయి. అవి వెలుతురు తాగి, కిరణజన్యసంయోగక్రియ జరిపి, తమ ఇంటి యజమానికి అన్నం పెడతాయి. నిస్సారమైన ఉష్ణమండల సముద్రంలో అంతంత పగడపు దిబ్బలు లేవగలగడానికి కారణం ఈ పొత్తే. అంటే పగడాన్ని పెంచేవాడు నిజానికి వెలుతురును వండి వడ్డిస్తున్నాడు. ఆ వెలుతురు ఎక్కడినుంచి తేవాలన్నదే తగువు.

ఇక నా లెక్క. మా తొట్టె పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు రెండు. పట్టే నీళ్ళు సుమారు 1,130 లీటర్లు. 2011లో దాన్ని మొదలుపెట్టినప్పుడు అందరూ చెప్పినట్టే చేశాను. 400 వాట్ల మెటల్ హేలైడు దీపాలు మూడు, వాటికి తోడు నీలి ట్యూబులు, అన్నీ కలిపి సుమారు 1,500 వాట్లు. రోజుకు పది గంటలు. అంటే రోజుకు పదిహేను యూనిట్లు, ఏడాదికి 5,475. మా ఇంట్లో ఫ్రిజ్ ఏడాదికి తినేది ఐదారు వందల యూనిట్లు. నేను పగడాల నెత్తిన పది ఫ్రిజ్‌లు నడుపుతున్నానన్నమాట. అంతటితో అయిపోలేదు. ఆ 1,500 వాట్లూ చివరికి వేడిగా మారి గదిలోనే మిగులుతాయి. టెక్సాస్ వేసవిలో ఆ వేడిని బయటికి తోడెయ్యడానికి ఏసీ మరో మూడోవంతు కరెంటు అడుగుతుంది. బయట ఆకాశంలో మండుతున్నవాడి వెలుగును తెర వేసి ఆపి, లోపల చిన్న సూర్యుణ్ణి వెలిగించి, ఆ చిన్న సూర్యుడి వేడికి మళ్ళీ విసనకర్ర పట్టడం! ఏడేళ్ళు ఈ పని భక్తిగా చేశాను.

2018లో ఇంటికప్పు బాగుచేయించేటప్పుడు తొట్టెకు నేరుగా పైన 21 అంగుళాల వ్యాసం గల నాలుగు వెలుతురు గొట్టాలు దింపించాను. పైన పారదర్శకమైన బుడగ, లోపల అద్దంలా మెరిసే రేకు గొట్టం, కింద నీళ్ళు. ఇంతకు మించి ఇందులో యంత్రాంగం లేదు. మా అమ్మమ్మగారి మండువా లోగిలిలో వాన, ఎండ, వెన్నెల ఏ బిల్లూ లేకుండా ఇంటి నడిబొడ్డుకు దిగేవి. నేను చేయించింది ఆ మండువాకు నాలుగు చిన్న నకళ్ళు, అంతే.

పూర్వపక్షం ఒకటి: ఎండ చాలదు.

నడినెత్తిన సూర్యుడున్నప్పుడు చదరపు మీటరుకు సెకనుకు సుమారు 2,000 మైక్రోమోళ్ళ వెలుతురు కణాలు పడతాయి. పగడాలు వాడుకోగల వెలుతురును కొలిచే ప్రమాణం ఇదే. నా గొట్టం నోటి వైశాల్యం చదరపు మీటరులో ఐదోవంతు కన్నా కొంచెం ఎక్కువ. కనుక ఒక్కొక్కటీ సెకనుకు 450 దాకా పట్టుకుంటుంది. బుడగలో, గొట్టంలో, నీటి ఉపరితలం మీద సగం పోయిందనుకుందాం. నాలుగు గొట్టాలూ కలిపి 900 మిగిలాయి. తొట్టె ఉపరితలం 1.86 చదరపు మీటర్లు. భాగించి చూస్తే చదరపు మీటరుకు 480 తేలుతుంది. ఇళ్ళలో పెంచే పగడాలలో చాలావాటికి 200 నుంచి 400 సరిపోతుందని దీపాలు కొనేవారూ అమ్మేవారూ ఒప్పుకునే మాటే. ఇక చాలనిదెక్కడ?

లెక్కలు నమ్మనివారు మా ఊరి సముద్రాన్ని అడగవచ్చు. టెక్సాస్, లూసియానా తీరాలకు నూటయాభై కిలోమీటర్లకు పైగా దూరంలో, మెక్సికో సింధుశాఖలో, ఫ్లవర్ గార్డెన్ బ్యాంక్స్ అనే పగడపు దిబ్బలున్నాయి. ఉప్పుగుమ్మటాల మీద లేచిన దిబ్బలవి. 1992లో వాటిని జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 28 డిగ్రీల ఉత్తర అక్షాంశం. హ్యూస్టన్‌కు రెండు డిగ్రీల కిందుగా. ఆ దిబ్బల తల సముద్రమట్టానికి 17 మీటర్ల లోతులో ఉంది. అంత నీళ్ళు దాటి పైనున్న వెలుతురులో మూడోవంతు చేరితే గొప్ప. అయినా అక్కడ పగడాలు దిట్టంగా పెరుగుతున్నాయి. ప్రతి ఆగస్టులో పున్నమి దాటిన వారం పది రోజులకు రాత్రివేళ సామూహికంగా అండాలు విడుస్తాయి. వాటికి సరిపోయిన సూర్యుడు మన తొట్టెలోని జానెడు కొమ్మకు చాలలేదంటే తప్పు సూర్యుడిది కాదు.

చరిత్ర కూడా చూడండి. జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన సజీవమైన రాళ్ళు, గాలిబుడగలు, పగటి వెలుతురు తప్ప మరేమీ లేకుండా సముద్రజీవులను తొట్టెలలో బతికించి, ఆ పద్ధతిని 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో ప్రకటించాడు. ఇప్పుడు ప్రపంచమంతా "సజీవ శిల" అని అంగడిలో కొనుక్కునే పద్ధతికి ఆయన మూలపురుషులలో ఒకడు. ఆయన రాళ్ళను మాత్రం మనం తీసుకున్నాం, ఆయన కిటికీని వదిలేశాం. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో 1987లో తెరిచిన మహా అక్వేరియంలో ఇరవైఐదు లక్షల లీటర్ల పగడపు దిబ్బ ఆకాశం కిందే పెరిగింది. హవాయిలోని వైకీకీ అక్వేరియంలో ఆరుబయట పగడాలు పెంచడం పాత సంగతి. వీళ్ళంతా ఉష్ణమండలంవారు అంటారా? మిషిగన్ రాష్ట్రంలో, 42 డిగ్రీల అక్షాంశంలో, మంచు కురిసే చోట, డిక్ పెరిన్ గాజుశాలలో పగడాల తోట వేశాడు. ఆంథొనీ కాల్ఫో పెన్సిల్వేనియా మబ్బుల కింద పగడాలను కొమ్మలు నరికి అంట్లు కట్టినట్టు పెంచి, 2001లో ఆ విద్యమీద ఒక పుస్తకమే రాశాడు. అందులో ఎండ పక్షాన గట్టిగా నిలబడ్డాడు. మిషిగన్‌లో సరిపోయిన ఎండ టెక్సాస్‌లో చాలదట!

పూర్వపక్షం రెండు: ఎండ పాచిని పెంచుతుంది.

ఇది అన్నిటికన్నా మొండి అపవాదు. పాచికి వెలుతురు కావాలి, నిజమే. పగడానికీ కావాలి. ఇద్దరికీ కావలసిన వస్తువు ఒకరినే పెంచడమేమిటి? పాచి పెరిగేది నీళ్ళలో నైట్రేటూ ఫాస్ఫేటూ పేరుకున్నప్పుడు, మేసేవాళ్ళు లేనప్పుడు. ఇందుకు ప్రకృతి ఎవరూ కోరకుండానే ఒక భయంకరమైన ప్రయోగం చేసి చూపించింది. 1983, 84 సంవత్సరాలలో కరీబియన్ సముద్రమంతటా పొడవాటి నల్లముళ్ళున్న డయడెమా అనే ముళ్ళబంతి ప్రాణులు ఏదో రోగం వచ్చి మూకుమ్మడిగా చచ్చిపోయాయి. అవి దిబ్బలమీద పాచిని మేసే పశువులు. అవి పోయాక జమైకా దిబ్బలు కొన్నేళ్ళలో పాచిబీళ్ళయ్యాయి. చేపలను అంతకుముందే విపరీతంగా పట్టేయడం వల్ల వాటి స్థానంలో మేసేవాళ్ళు కూడా లేకపోయారు. 1982లో ఆ దిబ్బలమీద ప్రకాశించిన సూర్యుడే 1985లోనూ ప్రకాశించాడు. మారింది సూర్యుడు కాదు. మా తొట్టెలో పాచి వచ్చిన ప్రతిసారీ నేను కనుక్కున్న కారణం నా చేతిలోనే ఉండేది: చేపలకు రెండు చిటికెలు ఎక్కువ వేసిన మేత.

పూర్వపక్షం మూడు: ఎండ నీళ్ళను కాగబెడుతుంది.

దీనిలో కొంత నిజముంది కనుక మర్యాదగా సమాధానం చెప్పాలి. పడమటి గాజుగోడ పక్కన తొట్టె పెట్టుకుంటే వేసవిలో చారు కాచుకోవచ్చు. కానీ తగువు గాజుగోడతో కాదు. ఒకే కొలత వెలుతురుకు ఎంత వేడి వస్తుందన్నది ప్రశ్న. సూర్యుడి శక్తిలో సగానికి కొంచెం తక్కువ భాగం పగడాలకు పనికివచ్చే వెలుతురే. మెటల్ హేలైడు దీపం తిన్న కరెంటులో ఆ భాగం మూడోవంతు. అంటే ఒకే వెలుతురుకు సూర్యుడు తెచ్చే వేడి ఆ దీపం తెచ్చేదానికన్నా తక్కువ. మిగిలిన వేడికి మన కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే మందు. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు మూడింట రెండు వంతుల యూనిట్ వేడిని పట్టుకుపోతుంది. తొట్టె మీద చిన్న ఫంకా ఒకటి తిరిగితే మాకు రోజుకు పది లీటర్లు ఆవిరవుతుంది. ఆ లెక్కన ఆరున్నర యూనిట్ల వేడి ఖాళీ. గాలి ఉక్కపోతగా ఉన్న ఆగస్టు రోజులలో ఆవిరి మందగిస్తుందని, అప్పుడు మధ్యాహ్నం రెండు గంటలపాటు ఒక గొట్టానికి గొడుగు మూయవలసి వస్తుందని కూడా ఒప్పుకుంటున్నాను. గొడుగు మూయడానికి కరెంటు అక్కరలేదు.

పూర్వపక్షం నాలుగు: ఎండ నమ్మదగినది కాదు.

మబ్బు వస్తుందట. సముద్రం మీద మబ్బు రాదా? హ్యూస్టన్‌లో డిసెంబరు నడిమధ్యాహ్నం సూర్యుడు క్షితిజానికి 37 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు. జూన్‌లో 84కు లేస్తాడు. పగలు డిసెంబరులో పదింపావు గంటలు, జూన్‌లో పద్నాలుగు. ఈ తేడా నిజం. అందుకే నా దగ్గర 150 వాట్ల నీలి ఎల్‌ఈడీ దీపం ఒకటుంది. చలికాలపు ఉదయాలలో, సాయంకాలాలలో, ముసురు పట్టిన రోజులలో వెలుగుతుంది. సగటున రోజుకు ఐదు గంటలు. ఏడాదికి 275 యూనిట్ల లోపు. 5,475కు ఇది ఇరవయ్యోవంతు. నేను దీపద్వేషిని కాను. చీకటిలో దీపం పెట్టడం నాగరికత. పట్టపగలు దివిటీ పట్టడంతోనే నా పేచీ.

నమ్మకం సంగతి కూడా చెబుతాను. 2024 జులై 8న బెరిల్ తుఫాను హ్యూస్టన్‌ను తాకినప్పుడు ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా వీధికి చాలా రోజులు రాలేదు. నా దగ్గరున్నది చిన్న జనరేటరు. నీళ్ళు కదిలించే పంపుకూ ఫంకాకూ అది చాలింది. 1,500 వాట్ల దీపాలున్న పాత రోజులైతే అది మొదటి గంటలోనే చేతులెత్తేసేది. ఆ రోజులలో మా తొట్టెలో పగలంతా వెలుతురు నిండుగా ఉంది. శైవలాలు పనిచేస్తూనే ఉన్నాయి, నీళ్ళలోకి ప్రాణవాయువు వదులుతూనే ఉన్నాయి. రాత్రిళ్ళు మాత్రం నేను జనరేటరు పక్కన కూర్చుని మేలుకున్నాను. ఇంతకూ నమ్మదగినవాడు ఎవరు?

పూర్వపక్షం ఐదు: ఎండలో మెరుపు లేదు.

మా మిత్రుడి ఆరోపణ ఇదే. అసలు కారణం కూడా ఇదే, మిగతా నాలుగూ దానికి వేసిన ముసుగులు. నీలి దీపం కింద పగడంలోని కొన్ని మాంసకృత్తులు ఆ నీలాన్ని మింగి ఆకుపచ్చ, నారింజ రంగులలో తిరిగి కక్కుతాయి. చీకటి గదిలో అది నియాన్ బోర్డులా వెలుగుతుంది. అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ అందం ఎవరికోసం? లోతునీటి పగడాలకు నీలం అలవాటేనన్నది నిజం. అయితే మన తొట్టెలలో ఉన్నవాటిలో ఎక్కువ భాగం ఆటుపోట్లకు తల బయటపడే లోతులేని దిబ్బలమీద, పూర్తి ఎండలో పెరిగే కొమ్మపగడాలు. అవి పుట్టి బుద్ధెరిగి చూసిన వెలుగు ఈ పసుపు వెలుగే. బలమైన ఎండలో తమను తాము కాచుకోడానికి అవి రంగుద్రవ్యాలు తయారుచేసుకుంటాయి కూడా. మా తొట్టెలో ఊదా, గులాబి రంగులు మధ్యాహ్నం పన్నెండుకు చూడాలి. ఆ రంగులు వాటి సొంతం. నీలి దీపం కింద కనబడేది తిరునాళ్ళ వేషం.

పగడానికి ఏది కావాలో అడగకుండా, మన కంటికి ఏది కావాలో దాన్ని వెలిగించి, దానికి "శాస్త్రం" అని పేరు పెట్టుకున్నాం. నా కోపం ఇక్కడ.

పూర్వపక్షం ఆరు: ఇప్పుడు అందరూ ఎల్‌ఈడీలే కదా!

నిజమే. మెటల్ హేలైడులు చాలావరకు పోయాయి. మా తొట్టెకు 600 వాట్ల ఎల్‌ఈడీ సరిపోతుంది. ఏడాదికి 2,190 యూనిట్లు. పది ఫ్రిజ్‌లు నాలుగయ్యాయి. సంతోషం. కానీ పనికిరాని ఖర్చును సగానికి పైగా తగ్గించుకున్నంత మాత్రాన అది పనికివచ్చే ఖర్చు అయిపోదు. ఇంకొందరు తెలివిగా, "కప్పు మీద సౌరఫలకాలు పెట్టి ఆ కరెంటుతో ఎల్‌ఈడీ వెలిగిస్తాం" అంటారు. ఫలకం ఎండలో ఐదోవంతును కరెంటు చేస్తుంది. దీపం ఆ కరెంటులో సగాన్ని వెలుతురు చేస్తుంది. చేతికి మిగిలేది పదోవంతు. గొట్టంలో దిగే ఎండలోని వెలుతురు, నష్టాలు పోగా, దానికి రెట్టింపు ఉంటుంది. అయినా అద్దె ఇళ్ళవారు, పై అంతస్తులో పొరుగువారున్నవారు కప్పుకు కంత పెట్టలేరు. వారు ఫలకాల దారి పట్టగలిగితే నాకు అభ్యంతరం లేదు. అదీ సూర్యుడి ఇల్లే, కాస్త చుట్టుదారి.

ఇంతవరకు వాదం. ఇప్పుడు నా మీద నేనే ఒక నేరం మోపుకోవాలి. ఎందుకంటే ఎండకు వ్యతిరేకంగా మా ఊరి పగడాలవాళ్ళు చెప్పుకునే కథలలో ఒకటి మా ఇంటిదే.

2018 ఏప్రిల్‌లో గొట్టాలు దించిన రోజున నాకు పట్టరాని ఉత్సాహం. పాత దీపాలన్నీ ఆ సాయంత్రమే విప్పించేశాను. మర్నాటినుంచి నాలుగు గొట్టాల ఎండ పూర్తిగా తొట్టెలోకి. నీటి ఉష్ణోగ్రత 26 డిగ్రీల దగ్గర గీత గీసినట్టు నిలిచింది. అంతా బాగుందనుకున్నాను. మూడోరోజున నా పెద్ద కొమ్మపగడం చివరలు పాలిపోయాయి. ఐదోరోజుకు పైభాగమంతా సున్నం కొట్టినట్టు తెల్లబడింది. చిటికెనవేలంత ముక్కగా వచ్చి ఏడేళ్ళలో బుట్టంత అయిన పగడం అది. రెండు వారాలలో దాని ఒంటిమీద కండ లేదు.

వేడి దాన్ని చంపలేదు. దీపాల కింద బతికిన దానికి గొట్టానికి సరిగ్గా కింద, నడిమధ్యాహ్నం పడే వెలుతురు కొత్త. వెలుతురు ఒక్కసారిగా ఎక్కువైతే లోపలి శైవలాలు తట్టుకోలేక విషపూరితమైన ఆక్సిజన్ రూపాలను పుట్టిస్తాయి. పగడం వాటిని గెంటేస్తుంది. అన్నం పెట్టేవాడు పోయాక తనూ పోతుంది. మూడు నాలుగు వారాలపాటు గొట్టాల కింద పలుచని వలగుడ్డ మడతలు కట్టి, వారానికొక మడత విప్పుతూ వస్తే అది అలవాటు పడేది. ఆ సంగతి నేను అంతకుముందే చదివాను. చదివి కూడా తొందరపడ్డాను. తరవాత వలగుడ్డ కట్టి మిగతావాటిని కాపాడుకున్నాను. ఎనిమిది నెలలు పూర్తి చీకటిలో ఉన్న ఖైదీని ఎండలోకి ఈడ్చుకొచ్చి, కళ్ళు పోయాయని సూర్యుణ్ణి తిడతామా? చంపింది నేను. ఈ మాట నేను అప్పుడే అందరికీ చెప్పాను. కథ ప్రచారమయ్యేటప్పటికి మాత్రం నా పేరు జారిపోయి సూర్యుడి పేరు మిగిలింది.

ఈ తగువులో పణం కరెంటు బిల్లు మాత్రమే అయితే ఇంత గొంతు చించుకోను. ఎవరి డబ్బు వారిష్టం. 2024 ఏప్రిల్ 15న అమెరికా సముద్ర వాతావరణ సంస్థ, అంతర్జాతీయ పగడాల కూటమితో కలిసి, ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు పాలిపోతున్నాయని ప్రకటించింది. అంతకుముందు 1998లో, 2010లో, 2014 నుంచి 2017 దాకా. 1998లో మన లక్షద్వీపాలు కూడా ఆ దెబ్బ తిన్నాయి. మా తొట్టెలో ఆ ఒక్క కొమ్మ తెల్లబడుతుంటే పక్కన కూర్చుని చూశాను గనుక, సముద్రాలకు సముద్రాలు అలా తెల్లబడడమంటే ఏమిటో నాకు కొంచెం తెలుసు. అక్కడ కారణం సముద్రపు వేడి. ఆ వేడికి కారణం మనం కాల్చే బొగ్గు, నూనె, గ్యాసు. మా రాష్ట్రంలో గాలిమరలు, సౌరఫలకాలు ఎన్ని లేచినా కరెంటులో పెద్దవాటా ఇప్పటికీ గ్యాసు, బొగ్గులదే. పగడాల మీద ప్రేమతో బొగ్గు కాల్చి వెలిగించిన దీపం కింద ఒక పగడాన్ని కూర్చోబెట్టి మురిసిపోవడం, ఆ పొగతో దాని చుట్టాలకు జ్వరం తెప్పించడం! నా పదిహేను యూనిట్ల వల్లే సముద్రం కాగిపోయిందని అనను, అంత పిచ్చి లేదు. కానీ ప్రేమ పేరుతో చేసే పనికి లెక్క ఇంకాస్త నిక్కచ్చిగా ఉండాలి. మిగతా ఖర్చులకు అవసరం అని చెప్పుకోవచ్చు. ఈ ఖర్చుకు ఆ సాకు కూడా లేదు, ఎందుకంటే ప్రత్యామ్నాయం మన నెత్తిమీదే ఉంది.

మన దేశంలో ఉన్న మిత్రులకు ఒక మాట. ఇది చదివి ఎవరూ పగడాలకోసం బయల్దేరకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో పగడాలను చేర్చారు. వాటిని సముద్రంనుంచి తేవడం, అమ్మడం నేరం. అది న్యాయమైన చట్టం. మన్నారు సింధుశాఖలో సున్నంకోసం పగడాలను తవ్వుకుపోయిన చరిత్ర మనది. మీ ఇంటి చేపలతొట్టెలో నీటిమొక్కలుంటే ఇదే విద్య వాటికీ పనికివస్తుంది. హైదరాబాదులో డిసెంబరు సూర్యుడు కూడా 49 డిగ్రీలు లేస్తాడు. మాకు లేని భాగ్యం అది.

శ్రీకాకుళం దగ్గర అరసవల్లిలో, ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు ద్వారం దాటి గర్భగుడిలో స్వామి పాదాలను తాకుతాయి. ఆ గుడి కట్టినవారికి దీపాలు లేక కాదు. వెలుతురు ఎటునుంచి వస్తుందో ముందు చూసి, ఆ తరవాత గోడ లేపారు. మనం గోడ లేపి, తెర వేసి, ఆ పైన దీపాల అంగడికి వెళతాం. రథసప్తమినాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని ఆయనకు దణ్ణం పెట్టే జాతికి ఇది మరీ చిన్నతనం.

కొత్తగా పగడపు తొట్టె మొదలుపెట్టేవారిని నేను అడిగేది ఇంతే. దీపం కొనేముందు ఒక రోజంతా ఆ గదిలో కూర్చుని ఎండ ఎక్కడ పడుతుందో, ఎక్కడికి జరుగుతుందో సుద్దముక్కతో నేలమీద గుర్తు పెట్టుకోండి. ఆ తరవాత మీకెంత దీపం తక్కువైందో అంతే కొనుక్కోండి. తక్కువైనది సున్నా అయితే నాకు ఒక జాబు రాయండి, పండగ చేసుకుంటాను.

ఇంతకూ, "మెరుపు లేదు" అన్న మిత్రుడి సంగతి. 2018లో నా పగడం చచ్చిపోకముందు రెండేళ్ళ కిందట దాని కొమ్మ ఒకటి విరిచి ఆయనకిచ్చాను. నాది పోయిందని తెలిసి, ఆయన ఆ సంతానంలోంచి ఒక కొమ్మను ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని అడగకుండానే తెచ్చిచ్చారు. వలగుడ్డ నాలుగు మడతల కింద దాన్ని నాటాను. ఇప్పుడది మూడో గొట్టం కింద ఉంది. మొన్న ఆదివారం ఆయన పెదవి విరిచింది దాని ముందు నిలబడే. అప్పుడు దాని పక్కన మూరెడు చెయ్యి పెట్టి చూపించాను. మోచేతినుంచి వేళ్ళ దాకా వచ్చింది. ఆయన ఇంట్లో ఉన్నది ఇంకా దీనంత లేదు. ఆ మాట ఆయనే అన్నారు, నేను అడగలేదు.

అయినా వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "రంగు మాత్రం మాదే బాగుంటుంది సుమండీ," అన్నారు. వాదం తెగలేదు. వ్యాఖ్యల పెట్టె తెరిచే ఉంది, మీరూ రండి.